కాపలా కుక్కకు ఇల్లు, తిరిగే దొడ్డి: అత్తాపూర్‌లో మేము కట్టిన తీరు



గత సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదువుతుండగా వెనుక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "మాస్టర్ సాబ్, సొసైటీ తరఫున కుక్కకు ఇల్లు కట్టించారట, నిజమేనా?" అని అడిగారు. కొందరు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఏటా రమజాన్‌లో తన సంపాదనలోంచి తీసి మన చేతిలో పెట్టే మనిషి ఆయన. అది ఎక్కడికి పోయిందో అడిగే హక్కు ఆయనకుంది, చెప్పే బాధ్యత మాకుంది. ఆ రోజు సమయం లేక రెండు మాటల్లో ముగించాం. ఈ సంచికలో వివరంగా రాస్తున్నాం. అత్తాపూర్ నుంచి శంషాబాద్ దాకా గోదాములు, ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు ఉన్న మన దాతల్లో చాలామంది దగ్గర కాపలా కుక్కలున్నాయి కాబట్టి ఇది వారికీ పనికొస్తుందని ఆశ.

ముందు డబ్బు సంగతి. జకాత్ ఎవరికి చెందుతుందో ఖుర్‌ఆన్ తౌబా సూరాలో ఎనిమిది వర్గాలుగా స్పష్టంగా ఉంది. కుక్క ఇల్లు అందులోకి రాదు. అందుకని జకాత్ పద్దు నుంచి ఒక్క రూపాయి కూడా దీనికి వాడలేదు. ఫిత్రా సొమ్ము, అనాథ పిల్లల ఫీజుల సొమ్ము కూడా ముట్టలేదు. ఇటుకలు ఒక సోదరుడు తన ఇంటి పనిలో మిగిలినవి ఇచ్చారు. జాలీ, పైపులు ఇంకొకరు ఇచ్చారు. మేస్త్రీ కూలి కమిటీ సభ్యులం మా జేబుల్లోంచి వేసుకున్నాం. ఇక అసలు విషయం.

కుక్క మా దగ్గరికి ఎందుకు వచ్చింది

పిల్లర్ నంబర్ చెబితే గానీ ఎవరికీ అడ్రసు దొరకని అత్తాపూర్‌లో, ఎక్స్‌ప్రెస్‌వేకు మూసీకి మధ్య ఒక సందులో మన స్టోరు ఉందని మీకు తెలుసు. రేషన్ కిట్లు, కుట్టుమిషన్లు, స్కూలు బ్యాగులు అక్కడే ఉంటాయి. సాయంత్రం అదే ఆవరణలో పిల్లలకు ట్యూషన్ నడుస్తుంది. రెండుసార్లు రాత్రిపూట తాళం పగిలింది. రెండోసారి పోయినవి కుట్టుమిషన్లు. వితంతువులైన మన అక్కాచెల్లెళ్లకు ఇవ్వడానికి తెచ్చి పెట్టినవి. 2023 చివర్లో ఒక శ్రేయోభిలాషి రెండేళ్ల వయసున్న పెద్ద కుక్కను కాపలాకు ఇచ్చారు. ముప్పై కిలోల పైన బరువు, జర్మన్ షెపర్డ్ పోలిక. పిల్లలు షేరూ అని పేరు పెట్టారు.

మేము చేసింది ఏమిటంటే, రేకుల షెడ్డు స్తంభానికి నాలుగడుగుల గొలుసుతో కట్టేశాం. దొంగతనాలు ఆగిపోయాయి. పని అయిందనుకున్నాం.

2024 మే నెలలో ఒకే వారంలో రెండు జరిగాయి. మూడో తరగతి పిల్లాడి బంతి దొర్లి కుక్క దగ్గరికి పోయింది. వాడు తీసుకోబోతే మోచేతి కింద కరిచింది. గాటు చిన్నదే, కానీ చర్మం తెగింది. వెంటనే సబ్బుతో, కుళాయి నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు టీకాలు పడ్డాయి. పిల్లాడి తల్లి ఇళ్లలో పనిచేసే మనిషి. ప్రతిసారీ ఆ పూట పని మానుకుని వచ్చింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట కుక్క పడిపోయింది. నాలుక బయటికి వేలాడేసి, నోట నురగతో ఎగశ్వాస పెడుతోంది. నీళ్ల గిన్నె బోర్లా పడి, గొలుసు అందని దూరంలో ఉంది. వాచ్‌మన్ చాచా, ఇద్దరు పెద్ద పిల్లలు పొట్ట మీద, పాదాల మీద నీళ్లు పోస్తూ ఆటోలో పశువైద్యుడి దగ్గరికి చేర్చారు. అల్లాహ్ దయవల్ల బతికింది. డాక్టరు రేకుల షెడ్డు గురించి, గొలుసు గురించి అడిగి, మందుల చీటీ రాస్తూ, "ఇది కరిచినందుకు మీరు ఆశ్చర్యపోతున్నారా?" అన్నారు.

వదిలేయాలా, ఉంచుకోవాలా

ఆ రాత్రి ఇషా తర్వాత కమిటీ కూర్చుంది. హిమాయత్ సాగర్ అవతల ఎక్కడైనా వదిలేసి రమ్మని కొందరన్నారు. మేము ఒప్పుకోలేదు. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి. ఆ గడువులో అది ఆరోగ్యంగా ఉంటే కరిచిననాడు దాని చొంగలో రేబిస్ లేదని అర్థం. వదిలేస్తే పిల్లాడి విషయంలో ఆ ఆధారమే పోతుంది. పైగా పెంచిన కుక్కను వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. వీధుల్లోకి ఇంకో కుక్కను తోలడం ఎవరి పిల్లల మీదికి తోలడమో కూడా ఆలోచించాలి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వాచ్‌మన్ కొడుకు, నాలుగేళ్ల పసివాడు, వీధికుక్కల దాడిలో చనిపోయిన సంగతి మనమెవరం మరచిపోలేదు.

మరి ఉంచుకోవచ్చా? ఈ ప్రశ్న మనవాళ్లలో తరచు వస్తుంది. కాపలాకు, పశువులకు, పంటకు, వేటకు కుక్కను ఉంచుకోవడానికి హదీసుల్లో అనుమతి ఉంది. అవసరం లేకుండా సరదాకు ఉంచుకోవడాన్ని వారించారు. ఇంట్లోకి తేకూడదన్న జాగ్రత్త అందరికీ తెలిసిందే. కుక్క చొంగ విషయంలో మజ్‌హబ్‌ల మధ్య తేడాలున్నాయి. మాలికీ పండితులు దాన్ని అపవిత్రంగా లెక్కించరు. హనఫీలు చొంగను అపవిత్రమంటారు గానీ పొడిగా ఉన్న ఒంటిని తాకితే దోషం లేదంటారు. షాఫయీలు ఒళ్లు కూడా అపవిత్రమేనంటారు. మన హైదరాబాద్‌లో హనఫీలు ఎక్కువ, బార్కస్ వైపు షాఫయీలు ఉన్నారు. ఎవరి ఆలిమ్‌ను వారు అడిగి నడుచుకోవడమే సరైన పద్ధతి.

అయితే కమిటీలో ఒక ఆపా అడిగిన ప్రశ్న మమ్మల్ని ఆలోచింపజేసింది. "ఇంట్లోకి తేవద్దన్నారు సరే. ఎండలో చావనివ్వమని ఎక్కడుంది?" అన్నారామె. దాహంతో నాలుక చాపిన కుక్కకు బావిలో దిగి, తోలు మేజోడుతో నీళ్లు తోడి తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్న హదీసు చిన్నప్పటి నుంచి పిల్లలకు చెబుతున్నదే. కహఫ్ సూరాలో గుహవాసుల కుక్క గుమ్మం దగ్గర ముందుకాళ్లు చాచి పడుకుని ఉంటుంది. లోపల లేదు, కానీ వాళ్లతోనే ఉంది. బయట ఉంచడం మన పద్ధతి అయినప్పుడు, ఆ బయటను అది బతకగలిగేలా చేయడం మన బాధ్యతే. కాబట్టి ఉంచుకోవాలని, గొలుసు తీసేయాలని, ఇల్లూ దొడ్డీ కట్టాలని నిర్ణయించాం.

గొలుసు ఎందుకు వద్దు

గొలుసు మీదున్న కుక్కకు పారిపోయే దారి ఉండదు. భయం వేస్తే మిగిలింది కరవడమే. రోజంతా పిల్లలు పరుగెత్తడం చూస్తూ తను కదలలేకపోతే దాని చిరాకు పెరుగుతుంది. దాన్ని మనం 'కాపలాకు పదును' అనుకుంటాం. నిజానికి దొంగకూ పిల్లాడికీ తేడా తెలియని స్థితి అది. చట్టం కూడా మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో గంటల తరబడి కట్టేయడాన్ని, కదలడానికి చాలని పంజరంలో పెట్టడాన్ని, తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడాన్ని హింసగానే లెక్కిస్తుంది. మొదటి తప్పుకు ఆ సెక్షన్ కింద జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అది 1960 నాటి యాభై రూపాయలు, నేటికీ అంతే. ఆ చిన్న మొత్తం చూసి విషయం చిన్నదనుకోకూడదు.

మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో పోలీసు జాగిలాలకు శిక్షణ ఇస్తారు. శంషాబాద్ విమానాశ్రయంలో సీఐఎస్‌ఎఫ్ జవాన్ల పక్కన జాగిలాలను మీరు చూసే ఉంటారు. కాపలా పనిలో వాటిని మించినవి లేవు. అవి స్తంభానికి కట్టేసి ఉంచితే తయారైనవి కావు. ఉండటానికి గూడు, తిరగడానికి చోటు, వేళకు పని, చూసుకునే ఒక మనిషి ఉంటేనే కుక్క పనిచేస్తుంది.

చోటు ఎంచుకోవడం

కట్టడం కంటే చోటు ఎంచుకోవడానికే మాకు ఎక్కువ రోజులు పట్టింది. నాలుగు విషయాలు చూశాం.

మొదటిది శుభ్రత. వజూ చేసే కుళాయిలకు, నమాజు చదివే అరుగుకు దూరంగా, వాటి వైపు నీరు పారని పల్లంలో చోటు ఉండాలి. మా ఆవరణలో అది తూర్పు మూల. కుక్కకు వేరే కుళాయి, వేరే గిన్నెలు, వేరే చీపురు పెట్టాం. చాచా కుక్క దగ్గరికి వెళ్లేటప్పుడు వేసుకునే పాత చొక్కా అక్కడే కొక్కేనికి ఉంటుంది. నమాజు బట్టల సంగతి ఆయనకు మళ్లీ బెంగ లేదు.

రెండోది నీరు. మనది మూసీ ఒడ్డు. 2020 అక్టోబరు వరద, 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు వచ్చిన వరద మన కళ్ల ముందు జరిగినవే. మా సందులోకి నది రాకపోయినా వాననీరు అడుగు లోతు నిలుస్తుంది. అందుకని ఇంటి అరుగును నేల నుంచి అడుగున్నర ఎత్తు లేపాం. ఇంకో ముఖ్యమైన మాట: దొడ్డి గేటుకు తాళం వేయకండి. గొళ్ళెం చాలు. వరద వచ్చిన రాత్రి తాళంచెవి ఉన్న మనిషి ఇంకెక్కడో ఉంటే, మూసిన దొడ్డిలోని ప్రాణి బయటపడలేదు. బయటి నుంచి ఎవరైనా తీయగలగాలి. పక్కనే పట్టీ, తాడు వేలాడుతూ ఉండాలి.

మూడోది ఎండ. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువు స్తంభానికి నీడ పడదు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. కాబట్టి ఉత్తరం గోడకు ఎప్పుడూ నీడే అనుకోవడం ఎండాకాలం చివర్లో పొరపాటు. అన్నిటికంటే చేటు పడమటి ఎండ. మా మూలకు పడమర పక్క వేపచెట్టు ఉంది. అది లేని చోట పడమటి గోడకు అడుగు దూరంలో తడిక కట్టి, దాని మీద చిక్కుడో సొరపాదో పాకించినా సరిపోతుంది.

నాలుగోది చూపు. కాపలా కుక్కకు గేటు కనిపించాలి, కానీ ట్యూషన్ పిల్లలు కనిపించకూడదు. పిల్లల వైపున్న జాలీకి కింది మూడడుగులు సిమెంటు షీటుతో మూసేశాం. పిల్లల పరుగులు కనబడకపోయేసరికి మొరుగుడు చాలావరకు తగ్గింది.

ఇల్లు

కుక్క నిలబడితే తల తగలకూడదు, గుండ్రంగా తిరగగలగాలి, నాలుగు కాళ్లూ చాచి పడుకోగలగాలి. ఇదే కొలత. భుజం దగ్గర రెండడుగుల ఎత్తున్న కుక్కకు లోపల ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పెట్టాం. ఎత్తు ముందు నాలుగున్నర అడుగులు, వెనుక నాలుగడుగులు. కప్పు వెనక్కి వాలి నీరు జారిపోతుంది. చలిదేశాల్లో ఇల్లు ఇరుకుగా ఉంటే కుక్క ఒంటి వేడితో వెచ్చబడుతుందని చిన్నగా కడతారు. మనకు ఆ వేడే శత్రువు. గాలి ఆడేంత పెద్దదిగా కట్టుకోవాలి.

అరుగుకు తొమ్మిది అంగుళాల గోడ, పైన నాలుగున్నర అంగుళాల గోడ. మొత్తం సుమారు 600 ఇటుకలు పట్టాయి. అరుగు లోపల మొరం నింపి, దిమ్మిస కొట్టి, పైన షాబాద్ బండలు పరిచాం. నల్ల గ్రానైటు ముక్కలు ఉచితంగా వస్తామన్నా వాడలేదు, అవి కాలుతాయి. గోడలు లోపలా బయటా నున్నగా ప్లాస్టరింగ్ చేయించాం. ఇది అందం కోసం కాదు. గోమార్లు, అంటే పిడుదులు, కుక్క ఒంటి మీద కంటే గోడ పగుళ్లలోనే ఎక్కువ కాలం గడుపుతాయి, అక్కడే గుడ్లు పెడతాయి. మన ప్రాంతంలో కుక్కల్ని చంపే జబ్బుల్లో వాటి వల్ల వచ్చే జ్వరం ఒకటి. పగులు లేకుంటే పురుగుకు చోటుండదు. ఆర్నెల్లకోసారి సున్నం కొట్టిస్తున్నాం.

తలుపు గుమ్మం రెండడుగుల వెడల్పు, రెండేముక్కాలు అడుగుల ఎత్తు. తూర్పు ముఖం పెట్టాం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానగాలి మనకు పడమర, నైరుతి దిక్కుల నుంచి కొడుతుంది. తూర్పు గుమ్మంలోకి జల్లు రాదు, పొద్దుటి ఎండ మాత్రం వచ్చి నేల ఆరుతుంది. అక్టోబరులో తూర్పు వైపు నుంచి వచ్చే వానలకు రెండడుగుల చూరు దించాం. గుమ్మం గోడ మధ్యలో పెట్టకుండా ఒక చివరకు జరిపితే, రెండో చివర గాలీ జల్లూ తగలని మూల మిగులుతుంది. కుక్క పడుకునేది ఆ మూలనే.

కప్పుకు రేకు వద్దు. మా షేరూకు ముప్పు తెచ్చింది అదే. మేము సన్నటి కాంక్రీటు స్లాబు వేయించి, పైన తెల్లటి కూల్ రూఫ్ రంగు వేశాం. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతుందన్నది దాని సారం. మనుషుల ఇళ్లకు చెప్పినదే కుక్క ఇంటికీ పనికొచ్చింది. ఇప్పటికే రేకు ఉన్నవారు దాని మీద జానెడు ఎడం వదిలి వెదురు తడికో తాటాకో పరవండి. మధ్యలో గాలి ఆడాలి. గోడల పైభాగాన ఎదురెదురుగా రెండు జాలీ కిటికీలు తప్పనిసరి. వేడి గాలి పైకి చేరి అక్కడి నుంచే పోతుంది. లోపల పడకకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తులో చెక్కబల్ల వేశాం. చలికాలంలో దాని మీద గోనెసంచి వేస్తాం, వారానికోసారి ఎండలో వేసి దులుపుతాం.

దొడ్డి

ఇంటి ముందు ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పున దొడ్డి వేశాం. చదరంగా కాక పొడుగ్గా ఉంటే కుక్క నాలుగు అంగలు పరుగెత్తగలదు. జాలీ ఎత్తు ఆరడుగులు, పైన ఒక అడుగు లోపలికి వంచాం. పెద్ద కుక్క ఎగిరి పాదాలు పెట్టి ఎక్కేస్తుంది, ఆ వంపు దాన్ని ఆపుతుంది. కింద అడుగు లోతున జాలీని పాతి కాంక్రీటు పోశాం, లేకుంటే తవ్వుకుని బయటపడుతుంది. ఆరడుగులకొక జీఐ పైపు స్తంభం నిలిపాం. జాలీ కొసలు, తీగ మొనలు బయటివైపుకు మడవాలి. లోపలికి ఉంటే కన్ను పోతుంది. ఈ ఒక్క విషయం వెల్డింగు మనిషికి ముందే చెప్పాలి.

నేల రెండు రకాలుగా ఉంచాం. ఇంటి ముందు ఎనిమిది అడుగులు గరుకు సిమెంటు, మిగతా పన్నెండు అడుగులు మట్టి. అంతా సిమెంటైతే మోచేతులు కాయలు కాస్తాయి, ఎండాకాలం పాదాలు కాలతాయి. అంతా మట్టైతే వానకు బురద. సిమెంటు నేలకు ఎనిమిది అడుగులకు రెండు అంగుళాల వాలు ఇచ్చి, కొసన చిన్న కాలువ, అక్కడి నుంచి కంకర నింపిన ఇంకుడు గుంతకు పైపు వేశాం. మలం రోజుకు రెండుసార్లు ఎత్తి వేరే గుంతలో వేస్తాం. వీధి నాలాలోకి ఏమీ పోదు. మట్టి నేల మీద సగం వరకు గ్రీన్ నెట్ కప్పాం. ఏ గంటలో చూసినా దొడ్డిలో పడుకునేంత నీడ ఎక్కడో ఒకచోట ఉండాలి. ఇది పొద్దున తొమ్మిదికి, పన్నెండింటికి, మూడింటికి వెళ్లి స్వయంగా చూసి తేల్చుకోవాలి. కాగితం మీద తేలదు.

గేట్లు రెండు. మొదటిది తీసి లోపలికి వెళ్లి, దాన్ని మూసి, అప్పుడు రెండోది తీయాలి. మధ్యలో మనిషి నిలబడేంత చోటు ఉంటే చాలు. కుక్క కాళ్ల సందున దూరి పిల్లల మధ్యకు వచ్చే ప్రమాదం దీంతో పోయింది. గొళ్ళేలు ఐదడుగుల ఎత్తున పెట్టాం, చిన్నపిల్లలకు అందవు. 'కుక్క ఉంది, లోపలికి రావద్దు' అని తెలుగులో, ఉర్దూలో బోర్డు రాయించాం.

నీళ్లకు బోర్లా పడని సిమెంటు తొట్టి కట్టించాం. దానికి తోడు ఇంటి నీడలో ఒక మట్టి గంపు. ముప్పై కిలోల కుక్కకు మామూలు రోజుల్లో దాదాపు రెండు లీటర్లు కావాలి. ఎండాకాలం ఇంకా చాలా ఎక్కువ తాగుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ నాలుక మీది తడి ఆరబెట్టుకునే చల్లబడుతుంది. ఆ తడికి నీళ్లు కావాలి. అందుకే నీళ్లు లేని గంట దానికి మనకంటే ప్రమాదకరం.

ఇల్లు కడితే అయిపోదు

దొడ్డి అంటే పెద్ద పంజరంగా మిగలకూడదు. పిల్లలున్న వేళ షేరూ దొడ్డిలో ఉంటుంది. ఇషా తర్వాత గేటు మూసి ఆవరణలో వదిలేస్తారు, అప్పుడే దాని కాపలా పని. ఫజర్ తర్వాత చాచా పట్టీ వేసి అరగంట నడిపించుకొస్తారు. తిరిగొచ్చాక చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని తన పనిలో పడతారు.

తిండి విషయంలో మనవాళ్లు చేసే రెండు పొరపాట్లు చెప్పాలి. దావత్‌లలో మిగిలిన బిర్యానీ తెచ్చి పెడతారు. ఉల్లిపాయ, వేయించినదైనా సరే, కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది. బక్రీద్‌కు వండిన ఎముకలు వేస్తారు. ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ప్రేమతో పెట్టేదే ప్రాణం మీదికి తెస్తుంది. అన్నంలో ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన మాంసమో గుడ్డో కలిపి రెండు పూటలా పెడుతున్నాం.

రేబిస్ టీకా ఏటా తప్పకుండా వేయించాలి. కుక్కకు టీకా పడితే అది ఆవరణలోని ప్రతి పిల్లాడికీ రక్షణే. మున్సిపల్ లైసెన్సు తీసుకోవాలి. టీకా కార్డు, లైసెన్సు కాగితం స్టోరు గోడకు తగిలించాం. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయమే మన పక్కన ఉంది, సలహాకు దూరం పోనక్కర్లేదు. అయినా ఎవరినైనా కుక్క కరిస్తే పసుపు, కారం, సున్నం పెట్టకుండా సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో, నారాయణగూడ ఐపీఎంలో టీకా దొరుకుతుంది. 'మన కుక్కే కదా' అని ఊరుకోవద్దు.

ఇప్పుడు ఎలా ఉంది

2024 ఆగస్టులో ఇల్లు పూర్తయింది. ఆ తర్వాత రెండు ఎండాకాలాలు... ఒకటి గడిచింది, రెండోది నడుస్తోంది. కుక్క పడిపోలేదు. స్టోరు తాళం పగలలేదు. ఎవరినీ కరవలేదు. 2025 సెప్టెంబరులో మూసీ పొంగిన రాత్రి చాచా షేరూను పట్టీ వేసి పైనున్న మెట్ల గదిలోకి తీసుకెళ్లారు. పొద్దున చూస్తే నీళ్లు అరుగు మొదటి వరుస ఇటుకల దాకా వచ్చి ఆగాయి.

కరిపించుకున్న పిల్లాడు రెండు నెలలు ట్యూషన్‌కు రాలేదు. వచ్చాక కూడా చాలా రోజులు దొడ్డి వైపు చూడకుండా గోడ వెంబడి నడిచేవాడు. వాడి భయం పోవాలని మేము తొందరపెట్టలేదు. ఈ మే నెలలో ఒక సాయంత్రం, తొట్టిలో నీళ్లు తగ్గాయని మాకు చెప్పడానికి వచ్చింది వాడే. కంచె బయటి నుంచే పైపు పెట్టి నింపాడు. కుక్క వచ్చి తాగుతుంటే కదలకుండా నిలబడి చూశాడు.

ఆ పెద్దాయనకు మా జవాబు ఇదే. అవును, కుక్కకు ఇల్లు కట్టించాం. పేదల వాటాలోంచి తీయలేదు. పేదల వాటాకు కాపలా ఉన్న ప్రాణి బాకీ తీర్చాం. మీరు ఎప్పుడైనా అత్తాపూర్ వచ్చి చూడండి, లెక్కల పుస్తకం కూడా అక్కడే ఉంటుంది.

చివరగా దాతలందరికీ ఒక విన్నపం. మీ గోదాములో, ఫామ్‌హౌస్‌లో, షెడ్డులో కాపలా కుక్క ఉంటే ఈ వారం ఒక మధ్యాహ్నం రెండు గంటల వేళ చెప్పకుండా వెళ్లండి. మూడు చూడండి. దాని మీద నీడ ఉందా? గిన్నెలో నీళ్లున్నాయా? మెడలో గొలుసు ఎంత పొడవుంది? మేము ఈ మూడూ ముందే చూసి ఉంటే ఒక తల్లి నాలుగు పూటల కూలి పోగొట్టుకునేది కాదు.

నోరులేని జీవాల విషయంలో మన లోపాలను అల్లాహ్ మన్నించుగాక. మీ దానధర్మాలను స్వీకరించుగాక. ఆమీన్.